హోమ్ గోడ మీద ఏ సర్టిఫికెట్ వెతకాలి?

బెంగళూరు తెలుగు పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మకు 76 ఏళ్ళు, పార్కిన్సన్స్ ఉంది. అనంతపురంలో ఒంటరిగా ఉండలేక మా దగ్గరికి వచ్చేసింది. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. సర్జాపూర్ రోడ్డులో ఒక అసిస్టెడ్ లివింగ్ హోమ్ చూశాం. "మాది గవర్నమెంట్ రిజిస్టర్డ్ అండీ" అంటూ ట్రస్ట్ పత్రం, 12ఏ, 80జీ సర్టిఫికెట్లు చూపించారు. ఇవి చాలా? ఇంకేం అడగాలి?
- ఒక పాఠకురాలు, మారతహళ్ళి

జవాబు: చాలవు. ట్రస్ట్ పత్రం వల్ల అలాంటి సంస్థ ఒకటి ఉందని తెలుస్తుంది, అంతే. 12ఏ, 80జీ ఆదాయపు పన్నుకు సంబంధించినవి. రాత్రి రెండింటికి మీ అమ్మగారిని బాత్రూముకి ఎవరు తీసుకెళ్తారో వీటిలో ఏదీ చెప్పదు.

అసిస్టెడ్ లివింగ్ అనే పేరుతో దేశమంతటికీ వర్తించే లైసెన్సు మనకు లేదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) వృద్ధాశ్రమాల గురించి మాట్లాడుతుంది కానీ, అది నిరుపేదల కోసం జిల్లాకొకటి, కనీసం 150 మందికి సరిపడేలా ప్రభుత్వాలు పెట్టవచ్చన్న వాటి సంగతి. ప్రైవేటు హోమ్‌లను కూడా నమోదు చేయించాలన్న సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభకు వచ్చింది, చట్టం కాలేదు. కాబట్టి హోమ్ చేసే ఒక్కో పనికి ఒక్కో కాగితం అడగాలి.

అక్కడ చికిత్స చేస్తుంటే, అంటే డాక్టరు, నర్సులు ఉండి ఇంజెక్షన్లు, సెలైన్లు నడుస్తుంటే, కర్ణాటక ప్రైవేట్ మెడికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం, 2007 కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. అందరూ కేపీఎంఈ అంటారు. ఈ రిజిస్ట్రేషన్ ఇచ్చే అధికార సంఘానికి జిల్లా డిప్యూటీ కమిషనరే అధ్యక్షుడు, ఫిర్యాదు పోయేదీ అక్కడికే. "మేం చికిత్స చేయం, కేర్ మాత్రమే" అన్నారనుకోండి, ఇన్సులిన్ ఎవరు వేస్తారో, ముక్కులోంచి పొట్టలోకి వేసే రైల్స్ ట్యూబ్ ఎవరు మారుస్తారో అడగండి. చాలాచోట్ల బండారం బయటపడేది ఈ ప్రశ్న దగ్గరే. తెల్ల యూనిఫామ్ వేసుకున్న ఆయా నర్సు అయిపోదు. నర్సుకు నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అడిగితే చూపించాలి. వంటగదికి ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత) లైసెన్సు, లిఫ్టుకు లైసెన్సు మామూలే. లిఫ్టులో స్ట్రెచర్ పడుతుందో లేదో మీరే చూసుకోండి. ఇల్లు అద్దెకు తీసుకుని హోమ్‌గా మార్చిన చోట సాధారణంగా పట్టదు.

ఇక మీ అమ్మగారికి ప్రత్యేకంగా. పార్కిన్సన్స్‌కు వాడే లెవోడోపా మాత్రలు డాక్టరు చెప్పిన వేళకే వేయాలి. హోమ్‌లో మందుల ట్రాలీ ఉదయం ఎనిమిది, మధ్యాహ్నం ఒంటిగంట, రాత్రి ఎనిమిదికి తిరుగుతుంది. ఆవిడ మాత్ర పదకొండింటికైతే ఏం చేస్తారు? గంట ఆలస్యమైతే కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్టు కావచ్చు, బాత్రూము దగ్గర పడొచ్చు, తుంటి విరగొచ్చు. పప్పు, పెరుగు, గుడ్డు లాంటి ప్రోటీన్ తిండితో కలిపి వేసినా మాత్ర సరిగా పట్టదు. భోజనానికి అరగంట ముందు వేయాలని డాక్టరు చేత రాయించండి. మాత్ర ఒక్కసారిగా ఆపేయడం ప్రమాదకరం. వాంతులకు మెటోక్లోప్రమైడ్, కలవరానికి హాలోపెరిడాల్ ఇస్తే పార్కిన్సన్స్ ముదిరినట్టే అవుతుంది. ఈ రెండు పేర్లూ ఫైలు మొదటి పేజీలో ఎర్ర సిరాతో ఉండాలి.

ఒకసారి చెప్పకుండా, రాత్రి తొమ్మిది దాటాక వెళ్ళండి. మంచం మీదే ఉండేవారిని పడక పుండ్లు రాకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. ఒక్కొక్కరికి పది నిమిషాలనుకున్నా పదిమందికి వంద నిమిషాలు. నూట ఇరవైలో మిగిలేది ఇరవై. అంతస్తుకు ఒక్క ఆయా ఉంటే బెల్లు కొట్టినవాళ్ళ దగ్గరికి ఎప్పుడొస్తుంది? బరువైన మనిషిని తిప్పడానికైతే ఇద్దరు కావాలి. అలాంటి చోట ఎన్ని సర్టిఫికెట్లున్నా నేనైతే వద్దంటాను.

ప్రశ్న: కనకపుర రోడ్డులోని ఒక హోమ్ వాళ్ళు నెలకు 45,000, డిపాజిట్ 3 లక్షలు అంటున్నారు. అగ్రిమెంట్ 14 పేజీలుంది. ఏం చూసుకుని సంతకం పెట్టాలి?
- ఒక పాఠకుడు, జయనగర్

జవాబు: మొదట ఆ 45,000 జీఎస్టీ కలిపా, విడిగానా? 18 శాతం పడితే 53,100 అవుతుంది. ధార్మిక సంస్థగా ఆదాయపు పన్ను శాఖలో నమోదైన హోమ్‌లో, 60 దాటినవారికి తిండి, వసతి, నిర్వహణ అన్నీ కలిపి నెలకు 25,000 లోపైతే జీఎస్టీ మినహాయింపు ఉంది. మీది ఆ పరిమితి దాటింది.

తరువాత "కేర్ లెవెల్" పేజీ. ఇప్పుడు నడుస్తున్న మనిషికి రేపు డైపర్ కావాల్సి వస్తే ఎంత పెరుగుతుంది, ఎవరు అంచనా వేస్తారు, మీకు ఎన్ని రోజుల ముందు చెబుతారు? స్నానం, బట్టలు, టాయిలెట్, మంచం దిగడం, మలమూత్రాల అదుపు, తినడం: ఈ ఆరింటిలో ఎన్నింటికి సాయం కావాలన్న లెక్క మీద రేటు కట్టిన చోట గొడవ తక్కువ. "అవసరాన్ని బట్టి" అని రాసి వదిలేస్తే ప్రతి నెలా కొత్త బిల్లే.

డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో, ఏయే కోతలుంటాయో, మనిషి చనిపోతే ఎవరి పేరున ఇస్తారో అంకెల్లో ఉండాలి. ఆస్పత్రిలో ఉన్న రోజులకు పూర్తి చార్జీ కట్టాలా? ఆస్పత్రిలో పక్కన ఎవరుంటారు? వాళ్ళు అటెండెంటును పంపితే రోజుకెంత? ఇవన్నీ నోటితో బాగానే చెబుతారు, కాగితం మీద ఉండవు. "ప్రవర్తన సరిగా లేకపోతే 24 గంటల్లో తీసుకెళ్ళాలి" అనే వాక్యం కనిపిస్తే కొట్టించి కనీసం 30 రోజులు రాయించండి.

హోమ్ డబ్బు ఎగ్గొడితే అది సేవాలోపం. వినియోగదారుల జిల్లా కమిషన్‌కు వెళ్ళొచ్చు. చెల్లించిన సొమ్ము 50 లక్షల వరకు ఆ కమిషనే వింటుంది, 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రిటైర్‌మెంట్ కమ్యూనిటీలో ఫ్లాటు కొనేవారి సంగతి వేరు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కట్టడం వరకే, భోజనం, నర్సింగ్ దాని కిందికి రావు. అందుకే కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019 నమూనా మార్గదర్శకాల్లో బిల్డరు, సేవలందించే సంస్థ, కొనేవారు ముగ్గురి మధ్య త్రైపాక్షిక ఒప్పందం ఉండాలంది. అది లేదంటే అడ్వాన్సు ఇవ్వకండి.

ప్రశ్న: నాన్నకు డిమెన్షియా. హోమ్‌లో రాత్రి గదికి తాళం వేస్తున్నారు. ఇది సరేనా? పెన్షను, బ్యాంకు పనులకు ఆయన చేత పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకున్నాను.
- ఒక పాఠకురాలు, యలహంక

జవాబు: సరికాదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 నిర్వచనంలో జ్ఞాపకశక్తి, దిశాజ్ఞానం తీవ్రంగా దెబ్బతినడం కూడా ఉంది. అలాంటివారిని ఉంచుకునే సంస్థ రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదు కావాలి. ఒంటరిగా గదిలో బంధించడాన్ని ఆ చట్టం ఒప్పుకోదు. కట్టి ఉంచడం కూడా, తక్షణ ప్రమాదాన్ని ఆపడానికి వేరే దారి లేనప్పుడే, బాధ్యుడైన సైకియాట్రిస్టు అనుమతితో, రికార్డులో రాసి చేయాలి. 24 గంటల్లో రోగి తరఫు ప్రతినిధికి (నామినేటెడ్ రిప్రజెంటేటివ్) తెలపాలి. తాళం బదులు తలుపుకు అలారం, గదిలో మసక దీపం, పడుకునే ముందు బాత్రూము అడగండి. రాత్రి తిరుగుడు చాలాసార్లు మూత్రం ఒత్తిడి వల్లే.

పవర్ ఆఫ్ అటార్నీ మీద ఆధారపడకండి. కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ప్రకారం రాసిచ్చినవారి మతి స్థిమితం తప్పితే అది రద్దవుతుంది, రిజిస్టరు చేయించినా అంతే. అప్పుడు సంరక్షకులుగా నియమించమని హైకోర్టుకు వెళ్ళాల్సి వస్తుంది. కాస్త తెలివిడి ఉన్న రోజుల్లోనే వీలునామా, జాయింట్ ఖాతా చక్కబెట్టుకోవాలి. లివింగ్ విల్ (కోలుకోలేని స్థితిలో ఎలాంటి చికిత్స వద్దో ముందే రాసిపెట్టే పత్రం) కూడా అప్పుడే. 2023లో సుప్రీంకోర్టు దాన్ని సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు.

ప్రశ్న: నాకు 72. ఇల్లు రాసిస్తే మంచి హోమ్‌లో పెట్టి, నెలనెలా కడతానంటున్నాడు మా అబ్బాయి. రాసివ్వనా?
- ఒక పాఠకుడు, మల్లేశ్వరం

జవాబు: రాసివ్వకండి. తప్పదంటే గిఫ్ట్ డీడ్‌లోనే "నా జీవితాంతం వసతి, వైద్యం, హోమ్ ఖర్చు భరించాలన్న షరతుపై" అని రాయించండి. మొదటి జవాబులో చెప్పిన వయోవృద్ధుల పోషణ చట్టం (2007) 23వ సెక్షను కింద, షరతు తప్పితే ఆ బదిలీని చెల్లదని ప్రకటించమని ట్రిబ్యునల్‌ను అడగొచ్చు. షరతు కాగితం మీద లేకపోతే నిరూపించడం చాలా కష్టం. బెంగళూరులో ఆ ట్రిబ్యునల్ మీ ఉపవిభాగపు అసిస్టెంట్ కమిషనర్ కార్యాలయంలో ఉంటుంది. దరఖాస్తు మీరే ఇవ్వొచ్చు. ఎలా రాయాలో తెలియకపోతే ఉదయం 8 నుంచి రాత్రి 8 లోపు ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేయండి, డబ్బు పడదు.