చవగ్గా కొన్నా ఖర్చు పెరుగుతోందంటే సైజు చీటీని చూడకండి

సెకండ్ హ్యాండ్ బట్టలే కొంటున్నా ఈ సీజన్ ఖర్చు పెరిగింది, వాటిలో సగం బీరువాలోంచి బయటికే రావట్లేదు అని మీరు అన్నారు. దుబారా కాకపోవచ్చు. మీరు సైజు చీటీని నమ్మి కొంటున్నట్టున్నారు. ఒక్కో కంపెనీ మీడియం ఒక్కోలా ఉంటుంది. పైగా వాడిన బట్ట: నూలుదైతే ఉతుకుల్లో కుంచించుకుపోయి ఉండొచ్చు, సాగే రకమైతే వదులైపోయి ఉండొచ్చు.

1. మీకు బాగా నప్పే చొక్కా, ప్యాంటు తీసి నేలమీద పరవండి.

2. టేపుతో బట్టను కొలవండి, ఒంటిని కాదు. చాలామంది తప్పేది ఇక్కడే. ఒంటి చుట్టుకొలతను అమ్మేవాళ్లు ఇచ్చిన బట్ట కొలతతో పోలుస్తారు. బట్టలో వదులు కలిసి ఉంటుంది కాబట్టి లెక్క కుదరదు. చొక్కాకి చంక నుంచి చంకకి, భుజం కుట్టు నుంచి భుజం కుట్టుకి, పొడవు. ప్యాంటుకి నడుము, తొడ, లోపలి కాలి పొడవు. ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

3. ఆన్‌లైన్‌లో అయితే ఇవే కొలతలు అడగండి. ఇవ్వకపోతే ఎంత చవకైనా వదిలేయండి.

4. పొడవు, నడుము తగ్గించడం దర్జీకి తేలిక. భుజాలు కుదరకపోతే కొనొద్దు, ఆ పని ఖరీదు. వదులు చేయించాలంటే ముందు తిరగేసి, కుట్టు లోపల గుడ్డ మిగిలి ఉందో లేదో చూడండి.

5. దర్జీ కూలి, డెలివరీ ఖర్చు కూడా కలిపాకే ధర చూడండి. (ఈ లెక్కలో చాలా “బేరాలు” ఎగిరిపోతాయి.)

బీరువాలో ఉన్నవాటినీ ఇలాగే కొలిచి, కుదరనివి ఆ కొలతలతోనే అమ్మకానికి పెట్టేయండి.