81 సాయంత్రాల ఆట కోసం రిటైర్‌మెంట్ సొమ్ములో అప్పా?

ప్రశ్న: మాది డాలస్ దగ్గరి ఫ్రిస్కో. నా వయసు 37. ఐటీ ఉద్యోగం, హెచ్‌-1బి వీసా, ఏడాదికి లక్షా 60 వేల డాలర్ల జీతం. నా భార్య ఉద్యోగం చేయడం లేదు. బాబుకు 9 ఏళ్లు, పాపకు 5. టెక్సస్ రేంజర్స్ వరల్డ్ సిరీస్ గెలిచినప్పటి నుంచి బాబుకు బేస్‌బాల్ అంటే ప్రాణం. వచ్చే సీజన్‌కు ఆర్లింగ్టన్‌లోని వాళ్ల మైదానం గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌లో రెండు సీట్లు తీసుకోవాలనుకుంటున్నాను. మ్యాచ్‌కు సీటు 38 డాలర్ల చొప్పున 81 మ్యాచ్‌లకు మొత్తం 6,156 అవుతుంది. పార్కింగ్ కలిపి 8,000 అనుకుంటున్నాను. కంపెనీ ద్వారా ఉన్న రిటైర్‌మెంట్ పొదుపు ఖాతా 401(కె) నుంచి అప్పు తీసుకుంటే వడ్డీ కూడా నా ఖాతాకే వస్తుంది కదా. వెళ్లని మ్యాచ్‌ల టికెట్లు అమ్మితే సగానికి పైగా తిరిగి వస్తుందని మిత్రుడు చెప్పాడు. జీతంలో 12 శాతం 401(కె)లో వేస్తున్నాను, అందులో 4 శాతం వరకు కంపెనీ సమానంగా జమ చేస్తుంది. బ్యాంకులో 9,000 డాలర్లు ఉన్నాయి. హైదరాబాద్ ఫ్లాటు వాయిదాతో కలిపి నెల ఖర్చు 7,200. కొనమంటారా?

జవాబు: వద్దు. మీరు అడిగింది బేస్‌బాల్ గురించే అయినా, ఉత్తరం చదువుతున్నంతసేపూ నా చూపు ఆ 9,000 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. నెలకు 7,200 ఖర్చయ్యే ఇంట్లో అది సరిగ్గా 37 రోజుల సొమ్ము. హెచ్‌-1బి మీద ఉన్నవారి ఉద్యోగం పోతే కొత్త యజమానిని వెతుక్కోవడానికో, దేశం విడవడానికో ఉన్న గడువు గరిష్ఠంగా 60 రోజులు. అంటే చట్టం ఇచ్చిన గడువు ఇంకా మూడు వారాలు మిగిలి ఉండగానే మీ ఇంట్లో డబ్బు అయిపోతుంది. ఈ ఒక్క లెక్క చాలు, మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టడానికి.

నిజానికి 37 రోజులు కూడా రావు. ఉద్యోగంతో పాటు ఆరోగ్య బీమా పోతుంది. కోబ్రా అనే చట్టం కింద దాన్ని కొనసాగించుకోవచ్చు కానీ, ఇన్నాళ్లూ కంపెనీ కట్టిన వాటా కూడా మీరే కట్టాలి, పైన రెండు శాతం నిర్వహణ ఖర్చు. నలుగురున్న కుటుంబానికి అది నెలకు 2,000 డాలర్లు దాటడం మామూలే. ఇద్దరు చిన్నపిల్లలను పెట్టుకుని బీమా లేకుండా అమెరికాలో ఒక్క రోజు గడపమని నేను ఎవరికీ చెప్పను. ఆ 2,000 కలిపితే మీ చేతిలో ఉన్నది 29 రోజులు.

ఇప్పుడు ఆ అప్పు సంగతి. ‘నా డబ్బే, నాకే వడ్డీ’ అనే మాట నేను ఎన్ని ఇళ్లలో విన్నానో లెక్కలేదు. ఒకరు కారు కోసం, ఒకరు ఇండియాలో స్థలం కోసం, ఇప్పుడు మీరు ఆట కోసం. మీరు ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆ మాట చాలావరకు నిజమే. ఉద్యోగం పోయిన రోజున అబద్ధమవుతుంది. చాలా ప్లాన్లలో వాయిదాలు జీతంలోంచి కోత పడటం ఆగిపోగానే బాకీ మొత్తం మీద పడుతుంది. ఆ ఏడాది పన్ను రిటర్ను గడువు, పొడిగింపు తీసుకుంటే ఆ పొడిగింపు ముగిసేలోగా అంత సొమ్మూ మరో రిటైర్‌మెంట్ ఖాతాలో జమ చేయలేకపోతే, బాకీని మీ ఆదాయంగా లెక్కిస్తారు. మీకు 59 ఏళ్ల ఆరు నెలలు నిండలేదు కాబట్టి పైన 10 శాతం అదనం. 7,000 బాకీ ఉందనుకోండి. 22 శాతం శ్లాబులో 1,540, అదనపు పన్ను 700, మొత్తం 2,240 డాలర్లు. జీతం లేని మనిషి, ఎప్పుడో చూసేసిన ఆట కోసం కట్టాల్సిన డబ్బు అది!

ఉద్యోగం పోకపోయినా లెక్క కుదరదు. అయిదేళ్ల గడువు పెట్టుకుంటే నెలకు 150 డాలర్లకు పైగా కోత. ఆట చూసేది ఒక్క సీజన్. వచ్చే ఏడాది బాబు మళ్లీ అడుగుతాడు, అప్పటికి ఈ అప్పులో నాలుగేళ్లు మిగిలే ఉంటుంది. మళ్లీ ఎక్కడి నుంచి తెస్తారు? ఈ అప్పు నాకు కోపం తెప్పిస్తోంది, దాచుకోలేను.

టికెట్ల విలువ గురించి అడిగారు కాబట్టి అదీ చూద్దాం. మేజర్ లీగ్‌లో ఒక్కో జట్టుకు సీజన్‌కు 162 మ్యాచ్‌లు, అందులో సొంత మైదానంలో 81. మార్చి చివర మొదలై సెప్టెంబర్ చివరి దాకా సాగుతాయి. జట్టు ఊళ్లో ఉన్న వారంలో ఆరు రోజులు ఆట ఉండవచ్చు. అందులో ఎక్కువ భాగం పనిదినాల్లో, రాత్రి ఏడు గంటల ప్రాంతంలో మొదలవుతుంది. మీ ఇంటి నుంచి ఆర్లింగ్టన్ సుమారు 40 మైళ్లు, రైలు లేదు. అయిదున్నరకు బయలుదేరాలి. 2023లో బంతి విసరడానికి సమయం కట్టే పిచ్ క్లాక్ తెచ్చాక ఆట సగటున రెండు గంటల 40 నిమిషాలకు తగ్గింది. అయినా మీరు ఇల్లు చేరేసరికి పదకొండు అవుతుంది. ఏప్రిల్, మే, ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబర్ అంతా పిల్లలకు మర్నాడు బడి. ఇంకోటి, మీరు నలుగురు, కొంటున్నవి రెండు సీట్లు. ఇది ఇంటి సరదా అయితే, పాపకు, వాళ్లమ్మకు సీటెక్కడ?

మీరు 20 మ్యాచ్‌లకు వెళతారనుకుందాం. పనిచేసే తండ్రికి ఇరవై అంటే చాలా ఎక్కువే. మిగిలిన 61లో యాంకీస్, డాడ్జర్స్, ఆస్ట్రోస్ లాంటి జట్లు వచ్చినవీ, శనివారాలవీ కలిపి 15 మ్యాచ్‌ల టికెట్లు కొన్న ధరకే పోయాయని ఉదారంగానే అనుకుందాం. 1,140 డాలర్లు. ఇంకో 30 మ్యాచ్‌లవి కమిషన్ పోగా టికెట్టుకు 18 చొప్పున, 1,080. మిగిలిన 16 మ్యాచ్‌లవి అమ్ముడుపోవు. తిరిగి వచ్చింది 2,220. మీ చేతి నుంచి పోయింది 3,936. అంటే మీరు వెళ్లిన ఒక్కో సాయంత్రానికి రెండు సీట్లకు 197 డాలర్లు. అవే సీట్లు విడిగా 45కు కొన్నా 90తో పోయేది. మిత్రుడు చెప్పిన ‘సగానికి పైగా’ రావాలంటే ఆ 61 మ్యాచ్‌ల టికెట్లూ ఒక్కటీ మిగలకుండా పోవాలి, అదీ టికెట్టుకు సగటున 25కు తగ్గకుండా. లాభం వస్తే దాని మీద పన్ను ఉంటుంది, నష్టం వస్తే పన్నులో తగ్గించుకోవడానికి వీల్లేదు. పైగా హెచ్‌-1బి మీద ఉంటూ లాభం కోసం వరసగా టికెట్లు అమ్మాలనుకుంటే ముందు వలస న్యాయవాదిని అడగాలి.

ఈ అమ్మకం ఎలా ఉంటుందో నేను దగ్గరగా చూశాను. 2023 మార్చిలో ప్లేనోలో ఒకాయన ఉద్యోగం పోయాక సలహా కోసం పిలిచారు. సీజన్ టికెట్ల డబ్బు అంతకుముందే కట్టేశారు. ఏప్రిల్‌లో ఒక మంగళవారం సాయంత్రం వాళ్ల వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతంతో అతికించిన మ్యాచ్‌ల పట్టిక, దాని పక్కనే ఇంకా విప్పని కోబ్రా కవరు. మాట్లాడుతూనే ఆయన ఫోనులో టికెట్ల ధర తగ్గిస్తున్నారు. ఆరింటికి 24, ఆరున్నరకు 15, ఆరు నలభైకి 9. ఏడయ్యాక ఫోను బోర్లా పెట్టేశారు. ఆ రాత్రి ఎవరూ కొనలేదు. వాళ్ల దగ్గర దాచిన డబ్బు ఆరు వారాలకు సరిపోయింది. చివరి రౌండు ఇంటర్వ్యూలు రెండు కంపెనీల్లో నడుస్తుండగానే, అద్దె కట్టలేక, మే మొదట్లో నలుగురూ విజయవాడ వెళ్లిపోయారు. ఇంకో రెండు వారాలు గడిచేంత డబ్బుంటే ఆ ఇంటర్వ్యూలు పూర్తయ్యేవని ఇప్పటికీ నాకు అనిపిస్తుంది. నవంబర్ 1న రేంజర్స్ మొట్టమొదటి వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ ఫ్రిజ్ తలుపే.

సీజన్ టికెట్లు కొంటే ప్లేఆఫ్ (కప్పు కోసం జరిగే చివరి దశ) టికెట్లలో మొదటి అవకాశం వస్తుందని ఆశపెట్టుకోకండి. కప్పు గెలిచిన మరుసటి ఏడాదే ఆ జట్టు 78 గెలిచి 84 ఓడి ప్లేఆఫ్స్‌కు రాలేదు. సంతకం చేస్తే ఏటా దానంతటదే కొనసాగే నిబంధన ఉందేమో చదవండి. ఆటగాళ్ల సంఘానికీ యజమానులకూ మధ్య ఇప్పుడున్న ఒప్పందం 2026 డిసెంబర్ 1తో ముగుస్తుంది. గతసారి 99 రోజులు లాకౌట్ నడిచింది, అంటే యజమానులే ఆటగాళ్లను బయట ఉంచారు. 1994లో సమ్మె వల్ల వరల్డ్ సిరీసే రద్దయింది. నాలుగు కుటుంబాలు కలిసి ఒక జత సీట్లు పంచుకోవడం నయమే, అది కూడా అత్యవసర నిధి పూర్తయ్యాకే. క్రెడిట్ కార్డు వాయిదాల మాట ఎత్తకండి.

ఇక చేయాల్సింది. 401(కె)లో 12 శాతాన్ని కంపెనీ జత చేసే 4 శాతానికి తాత్కాలికంగా దించండి. పన్ను పోగా నెలకు సుమారు 830 డాలర్లు చేతికొస్తాయి. మీకు రిటైర్‌మెంట్ పొదుపు ఆపమని చెప్పడం నాకూ ఇష్టం లేదు. కానీ 29 రోజుల సొమ్ముతో ఉన్న కుటుంబానికి అరవయ్యో ఏడు గురించి ఇప్పుడు చెప్పలేను. ఆ 830 జీతం పడిన రోజునే వేరే బ్యాంకులోని మామూలు సేవింగ్స్ ఖాతాకు వెళ్లాలి. షేర్లు వద్దు, హైదరాబాద్ ఫ్లాటు మీద అదనపు చెల్లింపులు వద్దు. ఆ ఫ్లాటును అత్యవసర నిధి అనుకోవద్దు, రెండు నెలల్లో అమ్మి డబ్బు తెచ్చుకోలేరు. పదిహేను నెలల్లో దాదాపు 21,600, అంటే మూడు నెలల ఖర్చు చేతిలో ఉంటుంది. బోనసు, పన్ను రిఫండు వస్తే అవీ అందులోకే. అక్కడితో ఆగకండి. వీసా మీద ఉన్న కుటుంబానికి నేను అడిగేది ఆరు నెలల ఖర్చు, దానిపైన నలుగురి విమాన టికెట్లు. కంపెనీ ఇచ్చిన జీవిత బీమా తప్ప సొంత టర్మ్ పాలసీ లేకపోతే దాన్ని ఈ నెలలోనే తీసుకోండి.

బాబుకు ఏం చెప్పాలంటారా? మీ ఊళ్లోనే రైడర్స్ ఫీల్డ్ ఉంది, ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ మైదానం. రేంజర్స్‌కు డబుల్-ఎ స్థాయి, అంటే కింది స్థాయి, అనుబంధ జట్టు అది. టికెట్టు చవక, రాత్రి పదింటికల్లా పిల్లలు పడకల్లో ఉంటారు. 2023 వేసవిలో ఎవాన్ కార్టర్ అక్కడే ఆడుతున్నాడు. సెప్టెంబర్‌లో పెద్ద జట్టులోకి పిలిచారు, 21 ఏళ్లకే వరల్డ్ సిరీస్ ఆడాడు. ఈ సంగతి బాబుకు చెప్పి, నలుగురికీ నాలుగు టికెట్లు తీసుకుని వెళ్లండి. ఆర్లింగ్టన్‌కు జూన్, జులైలో ఆదివారం మధ్యాహ్నాలు రెండో మూడో చూసుకోండి. బడి ఉండదు, పైకప్పు మూస్తే ఎండా తగలదు. ఈ సరదాకంతటికీ ఏడాదికి 900 డాలర్లు పక్కన పెట్టండి, నెలజీతంలోంచి. పాపకు కూడా సీటుండాలి.