కరివేపాకు చిగుళ్లు పసుపు, అరెకా పామ్‌కు నారింజ చుక్కలు: ఎప్సమ్ సాల్ట్ ఎందుకు పనిచేయలేదు?

మీరు చెప్పింది మూడు మొక్కల సంగతి: కిటికీ దగ్గర కుండీలో కరివేపాకు, హాల్లో అరెకా పామ్, వంటింటి గట్టు మీద మనీ ప్లాంట్. మూడింటి ఆకులూ పసుపెక్కుతున్నాయి, మూడింటికీ బోరు నీళ్లే, మూడింటికీ ఎప్సమ్ సాల్ట్ పోసి చూశారు. మీ వివరాలను బట్టి వీటికి వచ్చింది ఒకే జబ్బు కాదు, అందుకే ఒకే మందుతో లొంగలేదు.

పసుపు ఏ ఆకుల్లో మొదలైందన్నదే అసలు ఆధారం. నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం మొక్క లోపల ఒకచోటి నుంచి మరోచోటికి కదులుతాయి. కొరత పడితే మొక్క వాటిని ముదురాకుల్లోంచి లాగి చిగుళ్లకు పంపుకుంటుంది కాబట్టి కింది ఆకులు ముందు పాలిపోతాయి. ఇనుము, కాల్షియం, బోరాన్ అలా కదలవు. అవి అందకపోతే దెబ్బ తినేది చిగురే. ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేట్. చిగుళ్లు పసుపెక్కే మొక్కకు దాన్ని ఎంత పోసినా ఉపయోగం ఉండదు.

మీ కరివేపాకుది సరిగ్గా ఈ కేసే. లేతాకులు పసుపు, ఈనెలు మాత్రం సన్నటి ఆకుపచ్చ వలలాగా కనిపిస్తున్నాయి, కింది ఆకులు బాగానే ఉన్నాయి అన్నారు. అది ఇనుపధాతు లోపం. అలాగని కుండీలో ఇనుము లేదని కాదు. ఎర్రమట్టికి ఆ ఎరుపు వచ్చిందే ఇనుము వల్ల. బోరు నీళ్లలో కరిగి ఉన్న బైకార్బొనేట్ లవణాలు, ఆ నీళ్లు పోసినప్పుడల్లా మట్టి పీహెచ్‌ను (పులుపు, క్షారాల కొలత; అంకె పెరిగితే క్షారం పెరిగినట్టు) కాస్త కాస్త పెంచుతాయి. అది 7.5 దాటాక ఇనుము కరగని రూపంలోకి మారిపోతుంది, వేరు తీసుకోలేదు. కుండీ అంచున, మట్టి మీద తెల్లటి పొర కట్టిందేమో చూడండి. గీజర్‌లో, బకెట్ అడుగున పేరుకునేదీ అదే.

వెంటనే తేరుకోవాలంటే ఆకుల మీద పిచికారీ చేయాలి. పొలంలో లీటరు నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము కలుపుతారు. ఇంట్లో పెరిగే లేతాకులకు అన్నభేది 2 నుంచి 3 గ్రాములు చాలు, ఎక్కువైతే ఆకు మాడుతుంది. ముందు నిమ్మఉప్పు కరిగించి, తర్వాతే అన్నభేది వేయండి. అన్నభేది లేత ఆకుపచ్చ పలుకుల్లా ఉండాలి. డబ్బాలో తుప్పు రంగుకు తిరిగిందంటే పారేయండి, అది మొక్కకు పనికిరాదు. కలిపిన ద్రావణం ఆ పూటే వాడేయాలి. సాయంత్రం ఆకుల అడుగున కూడా తడిసేలా కొట్టి, 10 రోజుల తేడాతో రెండు మూడు సార్లు చేయండి. కింద పాత పేపర్లు పరవండి, మార్బుల్ మీద పడిన మరక అంత తేలిగ్గా పోదు. ఈ పని నడిచినన్నాళ్లూ ఆ చెట్టు ఆకును కూరల్లో వేయకండి.

మట్టిలో పోయాలంటే చీలేటెడ్ ఇనుములో (కరగని రూపంలోకి మారకుండా మరో పదార్థంతో పట్టి ఉంచిన ఇనుము) ఈడీడీహెచ్‌ఏ రకం కొనండి. 10 అంగుళాల కుండీకి లీటరు నీటిలో 1 గ్రాము. షాపుల్లో ఎక్కువగా దొరికే ఈడీటీఏ రకం చవకే, కానీ క్షారం ఎక్కువున్న మట్టిలో అది ఇనుమును పట్టి ఉంచలేదు. మన బోరు నీళ్లకు అది డబ్బు దండగ.

నీళ్లు మారకపోతే ఇదంతా మళ్లీ మొదటికొస్తుంది. వాన నీళ్లు పట్టుకుంటే అంతకన్నా మంచిది లేదు. మున్సిపల్ నీళ్లు వచ్చే రోజు రెండు బకెట్లు మొక్కలకు పక్కన పెట్టండి. అదీ కుదరకపోతే 20 లీటర్ల బోరు నీళ్లలో ఒక టీస్పూన్, అంటే దాదాపు 5 గ్రాముల నిమ్మఉప్పు కలిపి పీహెచ్ పేపర్‌తో చూసుకోండి. 6 నుంచి 6.5 మధ్య ఉంటే సరే. ఆర్‌ఓ మెషిన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం పోయకండి, బోరులోని ఉప్పంతా అందులో ఇంకా చిక్కబడి ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో ఉప్పుతో నడిచే సాఫ్ట్‌నర్ ఉంటే ఆ నీళ్లూ వద్దు. అది కాల్షియం తీసేసి బదులుగా సోడియం వదులుతుంది.

అరెకా పామ్ సంగతి వేరు. దాని ముదురాకు ఒకటి వెలుగుకు అడ్డంగా పట్టి చూడండి. ఆకు అంచు పొడవునా వెడల్పాటి పసుపు పట్టీ ఉండి నడిమి భాగం ఆకుపచ్చగా ఉంటే మెగ్నీషియం లోపం. మీరన్నట్టు చిన్న చిన్న నారింజ చుక్కలుండి, వాటిలోంచి వెలుగు కనిపిస్తూ, కొనలు ఎండుతుంటే పొటాష్ లోపం. పొటాష్ తక్కువున్న చెట్టుకు ఎప్సమ్ సాల్ట్ ఒక్కటే పోస్తే వేరు దగ్గర రెండూ పోటీ పడి లోపం ముదురుతుంది. సల్ఫేట్ ఆఫ్ పొటాష్, అంటే 0:0:50, లీటరుకు 1 గ్రాము, దానితో ఎప్సమ్ సాల్ట్ అర గ్రాము నెలకోసారి పోయండి. చుక్కల ఆకులు చూడ్డానికి బాగా లేవని కోసేయకండి, కొత్త ఆకుకు పొటాష్ అందేది వాటి నుంచే. పామ్‌కు కొత్తాకు నెమ్మదిగా వస్తుంది కాబట్టి నెలల లెక్కన ఓపిక పట్టాలి.

చుక్కలేమీ లేకుండా కొనలు మాత్రమే గోధుమ రంగుకు తిరిగితే అది సాధారణంగా లోపం కాదు, నీళ్లలోని ఉప్పు మట్టిలో ఎక్కువవడం. డ్రసీనా, స్పైడర్ ప్లాంట్‌లకైతే ఫ్లోరైడ్ కూడా ఇలాగే కొనలు మాడుస్తుంది. నల్గొండ వైపు బోరు నీళ్లు వాడేవాళ్లు ముందు దాన్నే అనుమానించాలి. ఆ మొక్కలకు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ అనే భాస్వరం ఎరువు వేయొద్దు, అందులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.

మనీ ప్లాంట్ కింది ఆకులు ఈనెలతో సహా మొత్తం పసుపైతే రెండే అనుమానాలు: నత్రజని చాలలేదు, లేదా నీళ్లు ఎక్కువయ్యాయి. రెండంగుళాల లోతుకు వేలు పెట్టండి. ఇంకా తడిగా ఉండి వాసన వస్తుంటే ఎరువు ముట్టుకోకండి. కుండీ నుంచి తీసి, మెత్తబడి గోధుమ రంగుకు వచ్చిన వేళ్లు కత్తిరించి కొత్త మట్టిలో పెట్టండి. మట్టి పొడిగా ఉండి వేళ్లు తెల్లగా గట్టిగా ఉంటే 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) లీటరుకు 1 గ్రాము, 15 రోజులకోసారి. చలికాలంలోనూ, వెలుగు తక్కువున్న మూలలోనూ అందులో సగం చాలు. ఎప్పుడో ఒక ముసలి ఆకు రాలితే పట్టించుకోనక్కర్లేదు.

ఏ మందు కొనేముందైనా ఆకు కింద తెల్లకాగితం పెట్టి తట్టండి. పడిన నలుసులు నడిచాయంటే అవి మొక్కల నల్లి పురుగులు (స్పైడర్ మైట్స్). ఇవి రసం పీల్చినా ఆకు చుక్కలు చుక్కలుగా పసుపెక్కుతుంది, చాలామంది దాన్నే పోషక లోపం అనుకుంటారు.

ఇక ఇంటి చిట్కాలు. కట్టె బూడిద క్షారం, మీ కుండీలకు అసలు వద్దు. గుడ్డు పెంకులు ఈ పీహెచ్‌లో కరగవు. పుల్ల మజ్జిగ ఒకటికి పది పాళ్ల నీళ్లు కలిపి కరివేపాకుకు పోస్తే కొద్దిగా మేలే, కానీ ఇంట్లో వాసనా దోమలూ భరించాలి. తీవ్రంగా ఉన్న ఇనుపధాతు లోపం దానితో తీరదు.

ఫలితాన్ని పాత ఆకుల్లో వెతక్కండి. కరివేపాకు లేతాకులు పిచికారీ తర్వాత రెండు వారాల్లో పచ్చబడటం మొదలవ్వాలి, మనీ ప్లాంట్‌లో పసుపైన ఆకు మళ్లీ పచ్చబడదు. కరివేపాకులో మూడు వారాలకు కూడా మార్పు లేకపోతే మందు పెంచకుండా కుండీ బోర్లించి వేళ్లు చూడండి. వేరు కుళ్లి ఉన్నా, కుండీ నిండా చుట్టుకుపోయి ఉన్నా ముందు చూడాల్సింది దాన్నే.