ఓడ ప్రయాణంలో కానుకల ఖర్చు: ఎంత, ఎక్కడ, ఎవరికి?

రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలి ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. మూడేళ్ళు రికరింగ్ డిపాజిట్ కట్టి, ఆ సొమ్ముతో వచ్చే మే నెలలో మావారు, నేను, ఇద్దరు పిల్లలు సింగపూర్ నుంచి మలేషియాలోని పెనాంగ్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ మీదుగా నాలుగు రాత్రుల క్రూజ్‌కు వెళ్తున్నాం. తిరిగి వచ్చాక సింగపూర్‌లో రెండు రోజులుంటాం. ప్యాకేజీ డబ్బు కట్టేశాం. ఖాతాలో ఇంకా 1,20,000 రూపాయలున్నాయి. జూన్‌లో అమ్మాయి కాలేజీకి 45,000 కట్టాలి. బంధువులకు, తోటి ఉపాధ్యాయులకు ఏదో ఒకటి తేవాలని జాబితా రాస్తే 36 పేర్లు వచ్చాయి. మా ఆడపడుచు బంగారు గొలుసు తెమ్మంటున్నారు, మా తమ్ముడు ఫోన్ తెమ్మంటున్నాడు. మావారేమో అన్నీ క్రెడిట్ కార్డు మీద కొని తర్వాత మెల్లగా కట్టుకుందామంటున్నారు. అసలు కానుకలకు ఎంత పెట్టుకోవచ్చు? ఏది ఎక్కడ కొనాలి?

జవాబు: అప్పు చేయకుండా, మూడేళ్ళు కూడబెట్టి ప్రయాణం పెట్టుకున్నందుకు ముందుగా మీకు అభినందనలు. అంత ఓపికగా సమకూర్చుకున్న ఆనందం, తిరిగి వచ్చిన నెలలో కార్డు బిల్లు చూసుకుని చేదుగా మారకూడదన్నదే నా తాపత్రయం. అందుచేత కొంచెం వివరంగానే రాస్తున్నాను.

కాలేజీకి కట్టవలసిన 45,000 రూపాయలను ఈ వారమే వేరు చేసి, జూన్ మొదటి వారానికి గడువు తీరే చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయండి. ప్రయాణంలో ఉన్నప్పుడు ఆ సొమ్ము మీ ఖాతాలో కనబడకూడదు. మిగిలేది 75,000. ఇందులోంచి కానుకలకు ఎంత తీయవచ్చో చెప్పే ముందు, చాలామంది ఓడ ఎక్కాక గానీ తెలుసుకోని ఒక ఖర్చు గురించి చెప్పాలి. ఓడలో గది శుభ్రం చేసేవారికీ, భోజనశాలలో వడ్డించేవారికీ కలిపి సర్వీస్ ఛార్జీ, అంటే గ్రాట్యుటీ అనే పేరుతో మనిషికి రోజుకు ఇంత అని, పిల్లలకు సైతం, మీ గది ఖాతాలో వేస్తారు. పెద్ద ఓడల్లో ఇది సాధారణంగా మనిషికి రోజుకు 16 నుంచి 20 అమెరికన్ డాలర్ల మధ్య ఉంటుంది. 18 డాలర్లనుకుంటే నలుగురికి నాలుగు రాత్రులకు 288 డాలర్లు. డాలరు 90 రూపాయల లెక్కన 25,920 రూపాయలు. ఇది మీ ప్యాకేజీలో చేరి ఉందో లేదో ఏజెంటును అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. చేరి లేదనే అనుకుని లెక్క వేద్దాం.

రేవుల్లో దిగినప్పుడు టాక్సీలకు, తిండికి, సింగపూర్‌లో రెండు రోజుల చిల్లర ఖర్చులకు 20,000 పక్కన పెడితే మీ చేతిలో ఉండేది 29,080. అందులో నాలుగు వేలు అత్యవసరానికి ఉంచుకోండి. కాబట్టి కానుకలకు మీ గరిష్ఠ పరిమితి 25,000 రూపాయలు. గ్రాట్యుటీ ముందే చెల్లించి ఉన్నట్టయితే మిగిలిన డబ్బు జూన్ నెల ఖర్చులకు వస్తుంది గానీ, దానిని చూసి ఈ పరిమితిని పెంచవద్దు. ప్యాకేజీ మీద ఏజెంటు ముందుగానే వసూలు చేసిన ఆదాయపు పన్ను, అంటే టీసీఎస్ కూడా మీదే. ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటులో చూసుకుని రిటర్నులో క్లెయిము చేసుకోవచ్చు. అయితే అది తర్వాతెప్పుడో వచ్చే డబ్బు కనుక దాన్ని నమ్ముకుని మేలో ఖర్చు పెట్టకూడదు.

ఇక మీ 36 పేర్ల జాబితా. ఆ పేర్లను మనుషులుగా కాక ఇళ్ళుగా విడదీసి చూడండి. భార్యాభర్తలు, వారి పిల్లలు విడివిడి పేర్లుగా ఉన్నచోట ఇల్లు ఒక్కటే. తోటి ఉపాధ్యాయులందరికీ కలిపి స్టాఫ్ రూములో పంచే ఒక పెద్ద మిఠాయి డబ్బా చాలు. ఇలా చూస్తే మీ జాబితా 14 ఇళ్ళు, ఒక స్టాఫ్ రూము దాకా తగ్గుతుందని నా అంచనా. అమ్మానాన్నలు, అత్తమామలు, ఆడపడుచు, తమ్ముడు ఈ నాలుగు ఇళ్ళకు 2,500 చొప్పున 10,000. మిగిలిన పది ఇళ్ళకు 800 చొప్పున 8,000. స్టాఫ్ రూముకు 1,500. మీ నలుగురికీ జ్ఞాపకంగా ఉండే వస్తువులకు 4,000. మొత్తం 23,500. మన ఇళ్ళలో పెళ్ళి చదివింపులు పుస్తకంలో రాసుకునే అలవాటుంది కదా. అదే తీరున ఒక చిన్న పుస్తకంలో ఇంటి పేరు, పెట్టదలచిన మొత్తం రాసుకుని వెంట తీసుకెళ్ళండి. కొన్నది కొన్నట్టు కొట్టివేయండి. పుస్తకంలో లేని పేరు దుకాణంలో నిలబడి ఉండగా గుర్తుకు వస్తే, మిగిలిన 1,500లో సర్దగలిగితేనే కొనండి.

ఎక్కడ కొనాలన్న ప్రశ్నకు నా స్పష్టమైన అభిప్రాయం, కానుకలు ఓడలో కొనవద్దన్నదే. ఓడ రేవులో ఆగి ఉన్నప్పుడు లోపలి దుకాణాలు మూసి ఉంటాయి. సముద్రంలోకి వెళ్ళాక తెరుస్తారు. అంటే, పోల్చి చూసుకోవడానికి పక్కన మరో దుకాణం లేని సమయంలోనే మీరు అక్కడ కొంటారు. సుంకం లేదన్న బోర్డు ఉన్నంత మాత్రాన ధర తక్కువని కాదు. అక్కడ నోట్లు చేతులు మారవు. గది తలుపు తెరిచే కార్డునే చూపిస్తే చాలు, ఖర్చు ఖాతాలో పడిపోతుంది, అది కూడా చాలా ఓడల్లో డాలర్లలో. నా దగ్గరికి సలహాకు వచ్చిన ఒక దంపతులు చివరి ఉదయం గది బిల్లు చేతికి వచ్చేదాకా తమ ఖర్చును తెలుసుకోలేదు. అందులో సగానికి పైగా ఫోటోలు, పిల్లలు ఆడుకున్న గేములు. మీరు ఎక్కిన రోజునే అతిథి సేవల కౌంటరుకు వెళ్ళి పిల్లల కార్డులపై కొనుగోళ్ళు జరగకుండా ఆపు చేయించండి. రోజూ రాత్రి గదిలోని టీవీలో గానీ, ఓడ యాప్‌లో గానీ ఖాతా చూసుకోండి. ఓడలో ఫోటోలు తీసేవారు అడిగినప్పుడల్లా నిలబడవచ్చు, దానికి డబ్బు లేదు, డబ్బు కొన్నప్పుడే. నలుగురూ బాగా వచ్చిన ఒక్క ఫోటో ప్రింటు తీసుకుని, మీ 4,000లో రాసుకోండి. రేవుల్లో ఏ దుకాణానికి వెళ్ళాలో చెప్పే షాపింగ్ ప్రసంగాలు ఓడలో జరుగుతాయి. అందులో సిఫారసు చేసే దుకాణాలు ప్రచారానికి డబ్బు కట్టినవై ఉంటాయి కాబట్టి, వాటిని ప్రకటనలుగానే వినండి.

మీ కొనుగోళ్ళలో ఎక్కువ భాగానికి పెనాంగ్ తగిన చోటు. ఓడ ఆగే స్వెటెన్‌హామ్ పియర్ నుంచి జార్జ్‌టౌన్ పాత నగరంలోని లిటిల్ ఇండియాకు నడిచి వెళ్ళవచ్చు. టాక్సీ ఖర్చు కూడా ఉండదు. పెనాంగ్ జాజికాయకు ప్రసిద్ధి: జాజికాయ గుజ్జును ఎండబెట్టి పంచదార పట్టించిన ముక్కలు, జాజికాయ తైలం, వైట్ కాఫీ పొట్లాలు చౌరస్తా మార్కెట్ పరిసరాల్లో దొరుకుతాయి. పది ఇళ్ళకు 800 చొప్పున పెట్టుకున్నది ఇటువంటివాటికి సరిపోతుంది. పెద్దవాళ్ళకు నొప్పుల తైలం సీసా ఇస్తే, అది అలమారలో బొమ్మలా నిలబడిపోకుండా నిజంగా వాడబడుతుంది. దగ్గరి నాలుగు ఇళ్ళకు బాతిక్ అద్దకపు వస్త్రం బాగుంటుంది. అయితే చేత్తో మైనం అద్ది వేసినదానికీ యంత్రంపై ముద్రించినదానికీ ధరలో చాలా తేడా ఉంటుంది కనుక, బట్టను తిరగేసి చూడండి. మైనంతో వేసినదైతే రంగు రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. ఒక హెచ్చరిక: అక్కడి పేరుపొందిన పప్పు బిస్కెట్లలో సంప్రదాయంగా పంది కొవ్వు వాడతారు. శాకాహారులున్న ఇళ్ళకు తీసుకెళ్ళదలచుకుంటే డబ్బా మీద దినుసులు చదివి, అడిగి మరీ కొనండి.

ఫుకెట్‌లో చూడండి, తిరగండి, కొనుగోళ్ళు మాత్రం తగ్గించుకోండి. అక్కడ పర్యాటకులు మూటలు మూటలుగా కొనేది జీడిపప్పు. మోరి జీడిపప్పు దొరికే గోదావరి జిల్లాల వాళ్ళు దాన్ని సముద్రం దాటి మోసుకురావలసిన పని లేదు. థాయ్‌లాండ్‌లో పర్యాటకులకు వ్యాట్ తిరిగి ఇచ్చే పద్ధతి అంతర్జాతీయ విమానాశ్రయం నుంచి వెళ్ళేవారికే వర్తిస్తుంది గనుక, ఓడలో వచ్చి ఓడలో వెళ్ళే మీకు దానివల్ల లాభం లేదు. పగడపు దిబ్బల ముక్కలు, పెద్ద గవ్వలు, శంఖాలు ఎంత అందంగా ఉన్నా ముట్టుకోవద్దు. వన్యప్రాణి చట్టాల కింద చిక్కులు వస్తాయి. బుద్ధ విగ్రహాలను దేశం దాటించడానికి అక్కడి లలిత కళల శాఖ అనుమతి కావాలి.

ఖరీదైన వస్తువేదైనా కొనదలచుకుంటే ఓడ దిగిన తర్వాత సింగపూర్‌లో కొనండి. అక్కడ వస్తు సేవల పన్ను 2024 జనవరి నుంచి 9 శాతం. పర్యాటకులకు పన్ను తిరిగి ఇచ్చే పథకంలో చేరిన దుకాణంలో పన్నుతో కలిపి కనీసం 100 సింగపూర్ డాలర్ల కొనుగోలు చేస్తే, అసలు పాస్‌పోర్టు చూపించి నమోదు చేయించుకుని, చాంగీ విమానాశ్రయంలో ఆ పన్నును రుసుము మినహాయించి తిరిగి పొందవచ్చు. ఒకే దుకాణంలో ఒకే రోజు తీసుకున్న మూడు రసీదుల దాకా కలిపి ఆ 100 డాలర్లు చూపవచ్చు. మన తెలుగువాళ్ళు ఎక్కువగా వెళ్ళే ముస్తఫా సెంటర్‌లో అందరికీ కావలసినవి ఒకేసారి కొనడం ఇందుకు అనుకూలం. సామాను తనిఖీకి అడగవచ్చు కాబట్టి, పెట్టె విమానానికి అప్పగించకముందే రిఫండ్ పని పూర్తి చేసుకోండి. మీది సింగపూర్‌లో మొదలై సింగపూర్‌లోనే ముగిసే ఓడ ప్రయాణం కనుక, ఓడ ఎక్కే ముందు క్రూజ్ టెర్మినల్‌లో ఈ రిఫండ్ ఇవ్వరు. అందుకే కొనుగోళ్ళు చివరి రెండు రోజులకు ఉంచుకోమంటున్నాను.

ఆడపడుచు గారి గొలుసు విషయం సున్నితమైనది, అయినా నిర్మొహమాటంగా చెప్పక తప్పదు. నగలపై సుంకం లేని ప్రత్యేక వెసులుబాటు ఏడాదికి పైగా విదేశంలో నివసించి తిరిగి వచ్చేవారిది. వారం రోజుల పర్యటనకు వెళ్ళేవారిది కాదు. బంగారు నాణేలు, బిస్కెట్లయితే సాధారణ మినహాయింపు పరిధిలోకి రానే రావు. పైగా 2024 జులైలో మన దేశం బంగారంపై దిగుమతి సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించాక, బయట కొంటే మిగిలేది పూర్వమంత లేదు. ఈ సంగతి మీవారి చేత ఆమెకు చెప్పించండి. చెల్లెలికి అన్నగారే చెబితే మాట పట్టింపు రాదు.

తమ్ముడి ఫోన్‌కు కూడా కస్టమ్స్ లెక్క ఉంది. పాత నిబంధనల్లో 50,000 రూపాయలుగా ఉన్న సాధారణ మినహాయింపు 2026 ఫిబ్రవరి నుంచి 75,000 అయింది. ఇది ఒక్కో ప్రయాణికుడికి విడివిడిగా లభిస్తుంది, ఇద్దరి మినహాయింపును కలిపి ఒకే వస్తువుకు వాడుకోవడం కుదరదు. ఫోన్ ఖరీదు ఆ పరిమితిని మించితే, మించిన మొత్తంపై సుంకం పడుతుంది. ఏళ్ళ తరబడి అమలైన రేటు 38.5 శాతం. బయలుదేరే ముందు కస్టమ్స్ శాఖ వెబ్‌సైటులో అప్పటి రేటు చూసుకోండి. తమ్ముడు డబ్బు ముందుగా మీ ఖాతాలో వేసి, సుంకం పడితే తానే భరిస్తానంటేనే ఒప్పుకోండి. మీ 25,000లో నుంచి గానీ, మీ కార్డు మీద గానీ ఆ ఫోన్ కొనవద్దు.

ఇక కార్డు మీద కొని మెల్లగా కట్టుకుందామన్న మాట. 80,000 రూపాయలు కార్డు మీద మిగిలిపోయి, నెలకు 3.5 శాతం వడ్డీ పడిందనుకోండి. మొదటి నెల వడ్డీ 2,800, దానిపై 18 శాతం జీఎస్టీ 504, కలిపి 3,304 రూపాయలు. పది ఇళ్ళలో నాలుగింటి కానుకల డబ్బు ఒక్క నెల వడ్డీకి పోయినట్టే. అంతకుముందే, విదేశీ కొనుగోలుపై చాలా కార్డులు 3.5 శాతం దాకా మార్కప్ అనే అదనపు రుసుము, దాని మీద జీఎస్టీ వసూలు చేస్తాయి, అదొక్కటే 4.13 శాతం అవుతుంది. అయినా కార్డు అసలు వాడవద్దని నేననను. ఓడ ఖాతాకు క్రెడిట్ కార్డే ఇవ్వండి. డెబిట్ కార్డు గానీ, ముందుగా విదేశీ డబ్బు నింపుకునే ఫారెక్స్ కార్డు గానీ ఇస్తే, హామీగా ఆపి ఉంచిన మొత్తం కొన్ని రోజులపాటు మీకు అందకుండా పోతుంది. రేవుల్లోనూ సింగపూర్‌లోనూ ఫారెక్స్ కార్డు, కొద్దిపాటి మలేషియా రింగిట్లు, థాయ్ బాత్ నోట్లు వాడండి. దుకాణదారు రూపాయల్లో బిల్లు వేయమంటారా అని అడిగితే, వద్దని చెప్పి స్థానిక కరెన్సీలోనే వేయించండి. రూపాయల్లో వేసే మార్పిడి రేటులో వారి లాభం కలిసి ఉంటుంది. తిరిగి వచ్చాక వచ్చే కార్డు బిల్లును గడువులోగా పూర్తిగా కట్టడానికి సరిపడా డబ్బు ఖాతాలో ఉన్నంతవరకే ఆ కార్డుతో కొనండి.

మీవారి స్నేహితులెవరైనా మద్యం సీసా తెమ్మన్నారంటే, ఓడలో కొని సింగపూర్ మీదుగా మోయవద్దు. ఓడ చివరగా మలేషియా రేవులో ఆగి వస్తే, సింగపూర్‌లో మద్యంపై సుంకం రాయితీ లేదు. మనిషికి రెండు లీటర్ల పరిమితికి లోబడి, హైదరాబాద్‌లో దిగిన తర్వాత విమానాశ్రయంలోని డ్యూటీ ఫ్రీ దుకాణంలోనే కొనవచ్చు.

పుస్తకంలో మీ కోసం రాసిన 4,000 గురించి ఒక మాట. మీ జాబితాలోని 36 పేర్లలో మీ పేరు లేదు. మూడేళ్ళు నెలనెలా డిపాజిట్ కట్టింది మీరే కాబట్టి, పెనాంగ్‌లో బాతిక్ కొనేటప్పుడు మొదటిది మీకు ఎంచుకుని, ఆ తర్వాత మిగిలిన ఇళ్ళవి చూడండి.