టెక్ సందేహాలు: బ్యాటరీ దిగిపోయింది, కారు లాక్‌లో ఉంది. లోపలికి ఎలా?

ప్రశ్న: పదిహేను రోజులు కారు తీయలేదు. ఇప్పుడు రిమోట్ ఎంత నొక్కినా పలకడం లేదు. బటన్ స్టార్ట్ కారు కాబట్టి తాళంచెవి కూడా లేదు. ఫోన్ యాప్‌లో అన్‌లాక్ నొక్కితే కారు దొరకడం లేదంటోంది. అద్దం పగలగొట్టాల్సిందేనా?

ఈ ప్రశ్న మాటలు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. అద్దం జోలికి వెళ్లకండి. తాళంచెవి మీ చేతిలోనే ఉంది, ఆ రిమోట్ లోపల.

ముందు ఏ బ్యాటరీ పోయిందో తేల్చుకోవాలి. రిమోట్‌లోని బిళ్ల సెల్ అయిపోవడం వేరు, కారు 12 వోల్టుల బ్యాటరీ దిగిపోవడం వేరు. అద్దంలోంచి డాష్‌బోర్డు చూడండి. సెక్యూరిటీ లైటు మిణుకుమిణుకుమంటుంటే కారులో కరెంటు ఉన్నట్టే, సెల్ మారిస్తే సరిపోతుంది. ఆ లైటు ఆరిపోయి, రెండో రిమోట్‌కి కూడా కారు పలక్కపోతే పోయింది కారు బ్యాటరీయే. యాప్ పనికిరాకపోవడానికీ కారణం అదే. మీ ఫోన్ పంపిన ఆదేశాన్ని అందుకునే మోడెం కారులోనే ఉంటుంది, దానికి కరెంటు ఇచ్చేదీ ఆ బ్యాటరీయే.

ఇక తాళం సంగతి. రిమోట్ పక్కన గానీ వెనక గానీ చిన్న మీట ఉంటుంది. దాన్ని జరిపి పట్టుకుని రింగు ఉన్న కొసను లాగితే సన్నటి తాళంచెవి బయటికొస్తుంది. ఇప్పుడు డ్రైవర్ డోర్ హ్యాండిల్ వెనక కొసను చూడండి. హ్యాండిల్ లాగినా కదలకుండా ఉండే ముక్క ఒకటి కనబడుతుంది. దానికీ కారు రంగే వేసి ఉంటుంది కాబట్టి అది మూత అని ఎవరికీ తట్టదు. కింది అంచు వెంట గోరుతో తడిమితే సన్నటి గాడి తగులుతుంది. హ్యాండిల్‌ను లాగి పట్టుకుని, తాళంచెవి మొనను కింది నుంచి ఆ గాడిలో పెట్టి నెమ్మదిగా బయటికి ఎత్తండి. మూతను పట్టుకునేవి ప్లాస్టిక్ కొక్కేలే కాబట్టి టక్కుమని ఊడొస్తుంది. పక్కన రంగు గీసుకుపోకుండా పల్చటి గుడ్డ అడ్డం పెట్టండి. తాళం రంధ్రం ఆ మూత కింద ఉంటుంది.

ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. కారు కొన్నప్పటి నుంచి ఒక్కసారీ తిప్పని తాళం దుమ్ముకీ తేమకీ బిగుసుకుపోయి ఉంటుంది. బలం పెడితే ఆ సన్నటి చెవి వంగుతుంది, లేదా లోపలే విరుగుతుంది. గ్రాఫైట్ పొడి గానీ తాళాలకు వాడే డ్రై స్ప్రే గానీ కొద్దిగా కొట్టి, చెవిని నాలుగైదుసార్లు లోపలికీ బయటికీ ఆడించి అప్పుడు తిప్పండి. మామూలు నూనె పోయకండి. ఇవాళ తిరుగుతుంది గానీ ఆ జిడ్డుకి దుమ్ము పట్టి ఏడాదిలో మళ్లీ బిగుస్తుంది. కొన్ని మోడళ్లలో హ్యాండిల్ లాగి పట్టుకునే చెవి తిప్పాలి, కొన్నింటిలో వదిలేసి తిప్పాలి. రెండూ ప్రయత్నించండి. సెంట్రల్ లాకింగ్‌కి కరెంటు లేదు కాబట్టి డ్రైవర్ డోర్ ఒక్కటే వస్తుంది, మిగతావి లోపలి నుంచి తీసుకోవాలి. డోర్‌కి అద్దం చుట్టూ ఫ్రేమ్ లేని కారైతే ఇంకాస్త జాగ్రత్త పడాలి. మామూలుగా డోర్ తీసినప్పుడు అద్దం కాస్త కిందికి దిగుతుంది, కరెంటు లేనప్పుడు దిగదు. ఒక్కసారిగా లాగితే రబ్బరు అంచు చిరుగుతుంది.

బానెట్‌ది చాలా కార్లలో మామూలు కేబులే, లోపలి మీట లాగితే చాలు. బ్యాటరీ డిక్కీలో ఉండి, ఆ డిక్కీ కరెంటుతో మాత్రమే తెరుచుకునే కార్లు కొన్ని ఉన్నాయి. వాటికి సాధారణంగా బానెట్ కింద జంప్ స్టార్ట్ (వేరే బ్యాటరీ నుంచి కరెంటు అందించి కారు స్టార్ట్ చేయడం) కోసం ప్రత్యేక టెర్మినళ్లు ఉంటాయి. ఎరుపు మూత ఉన్నది పాజిటివ్. జంప్ చేసే పద్ధతి అందరికీ తెలిసిందే గానీ చివరి క్లిప్పు దగ్గర తప్పు చేస్తున్నారు. నల్ల క్లిప్పును దిగిపోయిన బ్యాటరీ నెగటివ్‌కి తగిలించకండి. దూరంగా, రంగు లేని ఇంజిన్ లోహానికి తగిలించండి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతుంటుంది, చివరి కనెక్షన్ దగ్గర నిప్పురవ్వ లేస్తుంది. ఆ రెండూ ఒకచోట చేరకూడదు. క్లిప్పులు పెట్టే ముందే రిమోట్ జేబులో వేసుకోండి, ఒక డోర్ తెరిచి ఉంచండి. కరెంటు తిరిగి రాగానే కొన్ని కార్లు వాటంతటవే లాక్ పడతాయి. తాళంతో తీశారు కాబట్టి అలారం కూడా మోగొచ్చు. కంగారు పడకండి, రిమోట్‌తో అన్‌లాక్ నొక్కితే ఆగుతుంది.

ఆగి ఉన్న కారు తీసుకునే కరెంటు మామూలుగా 50 మిల్లీఆంపియర్లు దాటకూడదు. 50 అనుకున్నా రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు (బ్యాటరీలో ఎంత నిల్వ ఉందో చెప్పే కొలత), పదిహేను రోజులకి 18. నిండుగా ఉన్న 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అంత మాత్రానికి చచ్చిపోదు. అంటే మీ బ్యాటరీ ముసలిదైనా అయ్యుండాలి, ఏదో పరికరం కరెంటు తాగుతూనైనా ఉండాలి. పార్కింగ్ మోడ్‌లో వదిలేసిన డాష్‌క్యామ్ 250 మిల్లీఆంపియర్లు లాగితే రోజుకి 6 ఆంపియర్ అవర్లు పోతాయి, నాలుగు రోజుల్లో సగం బ్యాటరీ ఖాళీ. కొన్ని గంటలు ఆపిన కారు బ్యాటరీని మల్టీమీటర్‌తో చూడండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ.

గాలి నింపి ఉబ్బించే సంచి, ఇనుప కడ్డీ పెట్టి డోర్ పైఅంచు వంచే వీడియోలు చూసి మీరూ మొదలుపెట్టొద్దు. ఫ్రేమ్ ఒక్కసారి వంగితే మునుపటిలా కూర్చోదు, వాన నీళ్లు లోపలికొస్తాయి. అద్దం సందులోంచి డోర్‌లోకి దింపే పట్టీ అక్కడి వైర్లను తెంపుతుంది.

ప్రశ్న: మా రిమోట్ సెల్ మూడు నెలలకే అయిపోతోంది. నకిలీ సెల్స్ అంటారా? రిమోట్‌ను గోడ కొక్కేనికి తగిలిస్తాం, ఆ గోడ అవతలే కారు ఉంటుంది.

జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. కారు తన తాళం కోసం 125 కిలోహెర్ట్జ్ పరిసరాల్లో చిన్న సంకేతం పంపుతుంటుంది. అది అందినప్పుడల్లా రిమోట్ మేలుకుని జవాబిస్తుంది. దగ్గర్లో తగిలిస్తే ఆ రెండూ రాత్రంతా మాట్లాడుకుంటూనే ఉండొచ్చు. సెల్ అరిగిపోతుంది, కారు బ్యాటరీ కూడా అరుగుతుంది. సెల్ సైజు కూడా చూసుకోండి. సీఆర్2032 మందం 3.2 మిల్లీమీటర్లు, సీఆర్2025 మందం 2.5. రెండూ మూడు వోల్టులే కదా అని 2032 బదులు 2025 వేస్తే 0.7 మిల్లీమీటర్ల సందు మిగిలి, కాసేపు పని చేస్తుంది, కాసేపు మానేస్తుంది. పాత సెల్ పిల్లలకు అందకుండా పారేయండి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది.

సెల్ ఖర్చు కంటే ఆ కొక్కెం నన్ను ఎక్కువ భయపెడుతోంది. గోడకి ఇవతల రిమోట్, అవతల కారు. రిలే దొంగతనానికి ఇంతకంటే అనువైన చోటు లేదు. ఇద్దరు వస్తారు. ఒకడు కారు దగ్గర నిలబడి దాని సంకేతాన్ని పట్టుకుని రెండోవాడికి పంపుతాడు. రెండోవాడు మీ గోడ పక్కన యాంటెన్నాతో దాన్ని వదులుతాడు. కారు పక్కనే ఉందనుకుని రిమోట్ జవాబిస్తుంది, డోర్ తెరుచుకుంటుంది, అదే పద్ధతిలో ఇంజిన్ కూడా స్టార్టవుతుంది. నడుస్తున్న ఇంజిన్ తాళం దూరమైందని ఆగదు. నడిరోడ్డు మీద ఆగిపోతే ప్రమాదం కాబట్టి అలాగే తయారు చేస్తారు.

ఇక్కడ ఎవరూ ఏ రహస్య సంకేతాన్నీ ఛేదించలేదు. ఎన్‌క్రిప్షన్ ఎంత గట్టిదైనా ప్రయోజనం లేదు, దొంగ దాన్ని విప్పడు, మోసుకెళ్తాడంతే. స్విట్జర్లాండ్‌లో జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లోనే ఎనిమిది కంపెనీల పది మోడళ్ల మీద ఈ దాడి చేసి చూపించారు. సంకేతాన్ని కారు నుంచి తాళం వైపు, ఒక్క దిశలో మోస్తే చాలని కూడా తేల్చారు. అప్పటికే తెలిసిన లోపాన్ని సరిచేయకుండా ఆ తర్వాత ఏళ్ల తరబడి అవే తాళాలు అమ్మడం నేరుగా కొనేవాళ్ల మీద వేసిన భారం. కదలకుండా ఉంటే కొన్ని నిమిషాల్లో నిద్రపోయే రిమోట్లు, సంకేతం ప్రయాణించిన సమయాన్ని బట్టి దూరం కొలిచే అల్ట్రా వైడ్‌బ్యాండ్ తాళాలు ఇప్పుడు వస్తున్నాయి. రేడియో సంకేతం నానోసెకనుకి సుమారు 30 సెంటీమీటర్లు పోతుంది. మధ్యలో ఎవరైనా మోస్తే ఆ ఆలస్యం లెక్కలో బయటపడుతుంది. కొత్త కారు కొనేటప్పుడు సన్‌రూఫ్ గురించి అడిగేముందు దీని గురించి అడగండి.

ఉన్న కారుకైతే, కీలెస్ ఎంట్రీని (రిమోట్ జేబులో ఉండగానే డోర్ తెరుచుకునే సదుపాయాన్ని) ఆపేసే సెట్టింగ్ కోసం మాన్యువల్ చూడండి. కొన్నింటిలో ఉంటుంది. లేదంటే సిగ్నల్ ఆపే పౌచ్ వాడండి, కానీ నమ్మకం పెట్టుకునే ముందు పరీక్షించండి. రిమోట్ పౌచ్‌లో పెట్టి, దాన్ని చేత్తో పట్టుకుని డోర్ హ్యాండిల్ ముట్టుకోండి. తెరుచుకుంటే ఆ పౌచ్ దండగ. మడత దగ్గర లోపలి పొర అరిగిపోతుంది కాబట్టి రెండు నెలలకోసారి ఇదే పరీక్ష చేయండి. ‘లాకౌట్ కాకుండా’ స్పేర్ రిమోట్‌ను చక్రం పైన అయస్కాంతం డబ్బాలో దాస్తున్న వాళ్లు కూడా రాస్తున్నారు. దయచేసి తీసేయండి. అది దొరికినవాడికి డోర్, ఇంజిన్ రెండూ దొరికినట్టే.

సెల్ పూర్తిగా చచ్చినా కారు స్టార్ట్ చేయొచ్చు. రిమోట్‌ను స్టార్ట్ బటన్‌కి ఆనించి, బ్రేక్ తొక్కి నొక్కండి. లోపలి చిప్పుకి సెల్ అక్కర్లేదు, కారు యాంటెన్నా నుంచే కరెంటు తీసుకుంటుంది. కొన్ని మోడళ్లలో ఆనించాల్సిన చోటు కప్ హోల్డర్‌లోనో స్టీరింగ్ పక్కనో ఉంటుంది.

ప్రశ్న: మాది ఎలక్ట్రిక్ కారు. రాత్రి 80 శాతం చార్జి ఉంది. పొద్దున హ్యాండిళ్లు బయటికే రాలేదు. ఇదెలా?

కారును నడిపే పెద్ద బ్యాటరీని, కారు ఆపినప్పుడు కాంటాక్టర్లు (కరెంటుతో పనిచేసే పెద్ద స్విచ్‌లు) విడదీసి ఉంచుతాయి. వాటిని తిరిగి కలపడానికి 12 వోల్టులు కావాలి. ఆ చిన్న బ్యాటరీ పోతే పెద్దదాంట్లో ఎంత ఉన్నా అందదు. కొన్ని మోడళ్లలో ముందు బంపర్ మీద, టోయింగ్ హుక్ మూత వెనక ఎరుపు, నలుపు వైర్లు ఉంటాయి. వాటికి బయటి నుంచి 12 వోల్టులిస్తే ముందు బానెట్ తెరుచుకుంటుంది. అంతవరకే. బ్యాటరీకి కరెంటు మాత్రం లోపలి టెర్మినళ్ల దగ్గరే ఇవ్వాలి.

అసలు తప్పు ఆ హ్యాండిళ్లది. డోర్‌లో కలిసిపోయి, మోటారుతో బయటికొచ్చి, బయట తాళం రంధ్రం కూడా లేని హ్యాండిల్‌ను ఎవరు ఆమోదించారో అర్థం కాదు. 2025 సెప్టెంబర్‌లో అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఒక మోడల్‌పై విచారణ మొదలుపెట్టింది. 12 వోల్టుల సరఫరా తగ్గి బయటి హ్యాండిళ్లు పనిచేయలేదని, పిల్లలు లోపల ఉండగా తల్లిదండ్రులు బయట ఉండిపోయారని, కొందరు అద్దం పగలగొట్టాల్సి వచ్చిందని ఫిర్యాదులు. అలాంటి కార్లలో లోపల చేత్తో లాగే మీట ఉంటుంది గానీ, వెనక సీటుకి అది డోర్ అరలో రబ్బరు మ్యాట్ కింద దాగి ఉండొచ్చు. కొన్నింటిలో వెనక అసలు ఉండదు. పసిపిల్లలు దాన్ని ఎలా లాగుతారు?

అద్దం పగలగొట్టొద్దన్న మాట లోపల ఎవరూ లేనప్పుడే. ఎండలో పిల్లలు ఇరుక్కుంటే తాళం కోసం వెతుకుతూ కూర్చోవద్దు. పిల్లలకు దూరంగా ఉన్న పక్క అద్దాన్ని, మధ్యలో కాకుండా కింది మూలలో కొట్టండి. రెండు పొరల లామినేటెడ్ అద్దం సుత్తికి చిట్లుతుందే తప్ప రాలదు, టెంపర్డ్ అద్దమే రాలుతుంది. ఏ కిటికీకి ఏది ఉందో అద్దం మూలలో చిన్న అక్షరాల్లో అచ్చు వేసి ఉంటుంది. ముందు డోర్లకి ఒకటి, వెనక వాటికి ఇంకొకటి ఉండొచ్చు. ఇవాళే నాలుగు కిటికీలూ చూసి గుర్తుపెట్టుకోండి.