రీలు కెమెరాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా నాన్నగారు పోయి రెండేళ్లయింది. మొన్న బీరువా సర్దుతుంటే ఆయన వాడిన జెనిట్-ఇ కెమెరా తోలు కేసుతో సహా బయటపడింది. లెన్సు లోపల సాలెపురుగు పోగుల్లాంటివి కనిపిస్తున్నాయి. దీన్ని మళ్లీ వాడవచ్చునా, షోకేసులో పెట్టుకోవలసిందేనా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, వాడవచ్చు, తప్పక వాడండి. అయితే అన్నిటికంటే ముందు ఒక జాగ్రత్త చెబుతాను: వెనుక తలుపు తెరవకండి. లోపల సగం వాడిన రీలు ఉండిపోయి ఉంటే, తలుపు తెరవగానే వెలుతురు తగిలి, మీ నాన్నగారు చివరగా తీసిన ఫోటోలు చెడిపోతాయి. ఎన్ని ఫోటోలు తీశారో చూపే చక్రాన్ని ఈ కెమెరాలో రీలు వేసినప్పుడల్లా చేత్తోనే సున్నాకు తిప్పుకోవాలి కాబట్టి, అందులో కనిపించే అంకెను నమ్మడానికి లేదు. ఎడమవైపున్న రివైండ్ గుండీని బాణం గుర్తు చూపే వైపుకు రెండు వేళ్లతో మెల్లగా తిప్పి చూడండి. ఎంత తిప్పినా తేలిగ్గా తిరుగుతూనే ఉంటే తలుపు తెరవవచ్చు. కొద్దిగా తిరిగి బిగుసుకుంటే మాత్రం లోపల రీలు ఉన్నట్టే. బలవంతం చేయకుండా, రీలు కెమెరాలు వాడిన పాత స్టూడియోవారి చేత వెనక్కి చుట్టించండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 1992 కృష్ణా పుష్కరాలలో దుర్గా ఘాట్ మెట్ల మీద మా అమ్మమ్మను తీసిన రీలును, ఖాళీ కెమెరా అనుకుని తలుపు తీసి, నేనే పాడుచేశాను. ఆ రోజు ఆమెను తీసిన ఫోటో మరొకటి మా ఇంట్లో లేదు.

రీలు దొరికితే, అది ఏనాటిదో కడిగేవారికి ముందే చెప్పండి. నలుపు తెలుపు రీలైతే ఎన్నో ఏళ్ల తరవాత కూడా బొమ్మ నిలిచి ఉండే అవకాశం ఎక్కువ. రంగుల రీలైతే రంగులు చాలావరకు పోయి ఉంటాయి కనుక, దాన్ని నలుపు తెలుపు పద్ధతిలో కడిగించడమే మేలని నా అభిప్రాయం. మనకు కావలసినవి ముఖాలు కదా.

ఇక లెన్సులోని పోగుల సంగతి. అది బూజు. కృష్ణ ఒడ్డున, సముద్రానికి ఇంత దగ్గరలో ఉండే మన ఊళ్లలో వానాకాలం గాలిలోని తేమకు ఇది పట్టడం మామూలే; తోలు కేసు ఆ తేమను పీల్చుకుని మరింత పెంచుతుంది. కాబట్టి కేసును వేరుగా దాచి, కెమెరాను గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. కొందరు బియ్యం డబ్బాలో పెడతారు. ఆ పిండి సందుల్లోకి చేరి మరో ఇబ్బంది తెచ్చిపెడుతుంది. ఈ లెన్సు మరతో బిగించేది, తిప్పితే ఊడివస్తుంది కనుక, బాగుచేసేవారికి దాన్ని ఒక్కదాన్నే ఇస్తే చాలు. పోగులు పలచగా ఉంటే ఈలోగా ఫోటోలు తీసుకోవచ్చు. వెలుతురుకు ఎదురుగా తీసినప్పుడే ఆ లోపం బయటపడుతుంది.

ఈ కెమెరాకు బ్యాటరీ అక్కరలేదు. వెలుతురును కొలిచే దాని లైట్ మీటరు, వెలుతురు తగిలితే కరెంటు పుట్టించే సెలీనియంతో పనిచేస్తుంది, కానీ ఇన్నేళ్లకు అది చాలా కెమెరాలలో మందగించి ఉంటుంది కాబట్టి, పాతవాళ్లు పాటించిన లెక్కనే మీరూ పట్టుకోండి. మిట్టమధ్యాహ్నం ఎండలో అపర్చర్ (లెన్సులో వెలుతురు దూరే రంధ్రం) 16 దగ్గర పెట్టి, షట్టరు వేగాన్ని రీలు డబ్బా మీద రాసి ఉండే వేగానికి దగ్గరి అంకెకు తిప్పాలి. 200 వేగం రీలైతే 250, అంటే సెకనులో 250వ వంతు అన్నమాట. వరండా నీడలో కూర్చున్న మనిషికి అదే వేగం మీద అపర్చర్ 4 సరిపోతుంది. మీ లెన్సు హీలియోస్ అనే రకం అయితే, అపర్చరును బాగా తెరిచి ఫోకస్ చేసుకున్నాక, మీట నొక్కేముందు రింగును మీరే తిప్పి మూయాలి. అది మరిచిపోతే నెగటివ్ మీద నల్లగా, ప్రింటు మీద తెల్లగా వెలిసిపోయిన బొమ్మే మిగులుతుంది.

ప్రశ్న: నలుపు తెలుపు రీలును ఇంట్లో కడుగుతున్నాను. డెవలపర్ (రీలు మీద బొమ్మను బయటకు తెచ్చే మందు) 20 డిగ్రీలు ఉండాలంటారు. మే నెలలో మా ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటున్నాయి. ఏం చేయాలి?
– ఒక విద్యార్థి, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: నీళ్లను ముందు రోజు రాత్రే బిందెలో పట్టి ఉంచుకుని, డెవలపర్ సీసాను ఐసు ముక్కలు వేసిన బేసినులో నిలబెట్టండి. ఐసును నేరుగా డెవలపరులో వేస్తే అది పలచబడుతుంది. 20 దగ్గర నిలపడం కష్టమైతే 24 డిగ్రీల వద్ద కడగండి; ఎంతసేపన్నది డెవలపరుతో వచ్చే పట్టికలో ఉంటుంది. ఆ సమయం 5 నిమిషాలకంటే తగ్గితే మాత్రం మరకలు, చారలు పడతాయి కనుక, మందును మరింత పలచన చేసుకుని సమయం పెంచుకోండి. డెవలపర్ తరవాతి మందులూ కడిగే నీళ్లూ కూడా దాదాపు అంతే చల్లగా ఉండేలా చూసుకోండి.

మరొకటి, వెలుతురు చొరబడని నల్ల సంచీలో చేతులు పెట్టి రీలు చుట్టేటప్పుడు బెజవాడ ఉక్కకు చేతులు చెమటపట్టి, ఫిల్ము దాన్ని చుట్టే స్పైరల్ చక్రానికి అంటుకుని కదలదు. ఆ పని తెల్లవారుజామున, చేతులు కడిగి పూర్తిగా ఆరబెట్టుకున్నాక చేయండి.

ప్రశ్న: తాతగారి ఆగ్ఫా క్లిక్ 3కి ఇప్పుడు రీళ్లు దొరుకుతాయా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: దొరుకుతాయి. దానికి పట్టే 120 రీలు నేటికీ తయారవుతోంది. ఒక్కో రీలుకు 12 చతురస్రపు ఫోటోలు వస్తాయి. ఎండలో 100 వేగం రీలు వాడండి. వెనుకనున్న ఎర్రటి కిటికీని మాత్రం నల్ల టేపుతో మూసి, రీలు తిప్పేటప్పుడు నీడలో నిలబడి, అంకె కనిపించేంతవరకే ఆ టేపును ఎత్తండి. ఇప్పటి రీళ్లకు ఎర్రటి వెలుతురు కూడా సోకుతుంది.