మింట్ వేసినప్పటినుంచీ ఫ్యాన్ గోల

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. రిటైరైన లెక్కల టీచర్ని. నా కంప్యూటర్ ఇంటెల్ ఏడో తరం ఐ5. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్‌తో ఆగిపోయాయి, 11 దీనికి ఎక్కదు అని మా అబ్బాయి విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసిచ్చాడు. క్రోమ్‌లో పేజీలు చకచకా వస్తున్నాయి గానీ, యూట్యూబ్‌లో ప్రవచనం పెడితే చాలు, ఫ్యాన్ ఒకటే రొద. విండోస్‌లో ఇలా లేదు. లైనక్స్‌లో బ్రౌజర్లు నెమ్మదా?

జవాబు: పేజీలు చకచకా వస్తున్నాయని మీరే అన్నారు కదా మాస్టారూ, అందులోనే సగం జవాబుంది. వెబ్ పేజీల్లో ఉండే ప్రోగ్రాముల భాష జావాస్క్రిప్ట్. క్రోమ్‌లో దాన్ని నడిపే ఇంజన్ పేరు వీ8. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింట్లోనూ అదే. అందుకే పేజీల దగ్గర పెద్ద తేడా తెలీదు.

గొడవంతా వీడియో దగ్గరే. యూట్యూబ్ వీడియోని బాగా కుదించి పంపుతుంది. దాన్ని విప్పడానికి మీ ఇంటెల్ చిప్‌లోనే విడిగా ఒక భాగం ఉంది. విండోస్‌లో క్రోమ్ ఎవరూ చెప్పకుండానే పనిని దానికి అప్పజెబుతుంది. లైనక్స్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్లు (గ్రాఫిక్స్ చిప్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) రకరకాలు కాబట్టి, చాలా ఏళ్లపాటు క్రోమ్ అంత చొరవ చూపలేదు. అలా అప్పజెప్పకపోతే ఆ బరువంతా ప్రాసెసర్ మీద పడుతుంది. అది వేడెక్కుతుంది, ఫ్యాన్ అరుస్తుంది.

ఈ గోతిలో నేనూ పడ్డాను. విజయవాడ గవర్నర్‌పేటలో నాది రిపేరు షాపు. పోయిన వేసవిలో ఒకాయన ఇదే కంప్లయింట్‌తో సీపీయూ తెచ్చాడు. ఎండల వల్లేననుకుని ఫ్యాన్ మార్చాను, ప్రాసెసర్ మీద పేస్ట్ కొత్తగా రాశాను. మూడో రోజుకి ఆటోలో పెట్టుకుని మళ్లీ వచ్చాడు. ప్రాసెసర్ ఎంత కష్టపడుతోందో చూపే సిస్టమ్ మానిటర్ తెరిచి, యూట్యూబ్‌లో పాట పెడితే నాలుగు గీతలూ పైకెక్కి కూర్చున్నాయి. ముందే చూసుంటే సరిపోయేది. ఫ్యాన్ డబ్బులు తిరిగిచ్చేశాను.

మీరు ఫైర్‌ఫాక్స్‌లో చూడండి, అది మింట్‌తోనే వస్తుంది. 2023 జులైలో వచ్చిన 115 వెర్షన్ నుంచి, లైనక్స్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్ ఉంటే వీడియో పనిని అదే చిప్‌కి పంపుతోంది.

అయినా రొద తగ్గకపోతే, వీడియో మీద రైట్ క్లిక్ చేసి 'స్టాట్స్ ఫర్ నర్డ్స్' నొక్కండి. కోడెక్స్ (వీడియోని కుదించిన పద్ధతి) అన్న వరుసలో వీపీ09 అనో ఏవీసీ1 అనో ఉంటే మీ చిప్ విప్పగలదు. ఏవీ01 అని ఉంటే మాత్రం ఏడో తరానికి ఆ విద్య రాదు. విండోస్ వేసినా ఇంతే. ఏవీ01 రాకుండా ఆపే ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) ఫైర్‌ఫాక్స్‌కి ఉన్నాయి, అబ్బాయితో ఒకటి వేయించుకోండి. ఈలోగా క్వాలిటీ 480కి దించుకోండి. ప్రవచనం వినేదే కదా, అంత స్పష్టంగా చూడాల్సిన పనేముంది!